చుక్క ఎక్కడ పెడితే ఏమిటి?

స్థాన విలువలు తలకెక్కకుండా జీవితాంతం నిశ్చింతగా బతకడం ఎలాగో చెప్పే చిట్కాలివి. ఇప్పటికే తలకెక్కినవాళ్ళు కూడా నిరాశ పడనక్కర్లేదు. శ్రద్ధగా సాధన చేస్తే మరిచిపోవచ్చు.

బెడద ఎలా మొదలైందో ముందు తెలుసుకోండి. ఉన్నవి పదే అంకెలు. ఎంత పెద్ద లెక్కనైనా వాటితోనే రాసేయాలని పూర్వం ఎవరికో పిసినారి బుద్ధి పుట్టింది. అంకె ఎడమకు ఒక చోటు జరిగితే విలువ పది రెట్లు, కుడికి జరిగితే పదో వంతు. ఈ పది రెట్ల సంగతి ఆర్యభటుడు 499లోనే చెప్పి పెట్టాడు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు ఒకట్లు మొదలుకొని 24 స్థానాలకు పేర్లు పెట్టాడు. ఆయన గణిత సార సంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి దించాడు. అంటే తెలుగులో లెక్కల పుస్తకం వచ్చి తొమ్మిది వందల ఏళ్ళు దాటింది. అయినా 1.5, 1.05 పక్కపక్కన రాసి ఏది పెద్దదని అడిగితే తల గోక్కునేవాళ్ళు ఏ వీధిలో అయినా దొరుకుతారు. మనం ఎంత గట్టివాళ్ళమో దీన్నిబట్టే తెలుస్తోంది.

ఇంకో మాట. ఈ చిట్కాల్లో ఒక్కటీ నా కల్పన కాదు. పచ్చి అబద్ధాన్ని ఎవరైనా పట్టేస్తారు. దాంతో ఎక్కువ కాలం నెట్టుకురాలేం. ఇక్కడున్న ప్రతి సూత్రమూ ఎక్కడో ఒకచోట నూటికి నూరు పాళ్ళూ నిజమైనదే. దాన్ని ఆ చోటి నుంచి పెకిలించి పక్క చోట నాటడమే మన విద్య. అందుకే టీచర్లు కూడా ఒక పట్టాన కనుక్కోలేరు.

వరస 0.7 నుంచి మొదలైంది. అంతకు ముందువి మరీ చిన్నవని వదిలేశాను.

చిట్కా 0.7: ముఖం చూసి బొట్టు పెట్టండి

పాఠ్యపుస్తకంలో ముఖ విలువ, స్థాన విలువ అని రెండు ఉంటాయి. మీరు మొదటిదాని దగ్గరే ఆగిపోండి. 7,77,777లో ఆరు ఏడులున్నాయి. ఏ ఏడును పలకరించినా ఏడే. మొదటిది ఏడు లక్షలనీ, చివరిది వట్టి ఏడనీ, పక్కపక్కనున్న ఏ రెండింటిని తీసుకున్నా ఎడమది కుడిదానికి పది రెట్లనీ చెప్పేవాళ్ళ మాట చెవిన పెట్టకండి. మనుషుల్లో ఎలాగూ లేని సమానత్వం అంకెల్లోనైనా ఉండనివ్వండి.

రాసేటప్పుడు వినిపించింది వినిపించినట్టు రాయండి. నూట ఐదు అంటే నూరు, దాని పక్కన ఐదు: 1005. రెండు వేల మూడు: 20003. చిన్న తరగతుల పిల్లలు ఎవరూ నేర్పకుండానే ఇలా రాస్తారు. తప్పని ఎర్ర సిరాతో కొట్టేస్తారు గానీ, నిజానికి ఆ పిల్లలు రాసింది మాటకు అచ్చమైన నకలు. నోటితో నూరును నూరని పలుకుతాం, వేయిని వేయని పలుకుతాం. కాగితం మీదికి వచ్చేసరికి ఆ నూరూ ఆ వేయీ కనిపించకుండా పోయి, వాటి బదులు చోటు మిగులుతుంది. ఈ మాయమయ్యే సంగతి ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు. మీరూ చెప్పకండి.

చెక్కు రాసేటప్పుడు 5,000 ముందు కాస్త జాగా వదలండి, వెనక అడ్డగీత, చిన్న గీత లాంటివేమీ పెట్టకండి. అంకెలన్నీ సమానమే అయినప్పుడు, ఎడమవైపు ఎవరైనా ఒక 9 తెచ్చి పెడితే మాత్రం ఏం పోతుంది? 1299లో ఫ్లోరెన్స్ నగరంలో సొమ్ము మార్పిడి వర్తకుల సంఘం తన ఖాతా పుస్తకాల్లో ఈ అంకెలు వాడకూడదని నిషేధం పెట్టింది. రోమన్ గుర్తులతోనో, అక్షరాలతోనో రాసుకోమంది. పిరికివాళ్ళు. మన బ్యాంకులకూ ఆ భయం పూర్తిగా పోలేదు కాబట్టే సొమ్మును అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాయించుకుంటాయి.

చిట్కా 0.8: సున్నా దండగ, తీసి పారేయండి

సున్నా అంటే ఏమీ లేదని అందరూ ఒప్పుకుంటారు. లేనిదాన్ని పనిగట్టుకుని రాయడమెందుకు? 4,005లో వందలు లేవు, పదులు లేవు. లేనివాటిని తీసేస్తే 45. ఎంత పొందికగా ఉందో చూడండి. బాకీ ఉన్నది మీరైతే ఈ చిట్కా మరీ బాగుంటుంది. సున్నాతో కూడికలకూ తీసివేతలకూ 628లో పనిమాలా నియమాలు రాసిన బ్రహ్మగుప్తుడు అప్పుల సంగతి కూడా అక్కడే ఎత్తుకున్నాడు. ధనానికి ధన సంఖ్య, రుణానికి రుణ సంఖ్య అన్నాడు. కానీ బాకీలోంచి సున్నాలు తీసేసే ఉపాయం ఆయనకు తోచలేదు.

ఎవరైనా ఎదురు తిరిగితే 0.50ని చూపించండి. చివరి సున్నా తీసేస్తే 0.5. విలువ మారలేదు కదా? అక్కడ ఇది నిజం. దశాంశంలో కుడి చివరన ఉన్న సున్నా ఏ అంకెనూ తన చోటి నుంచి కదిలించదు. ఆ నిజాన్ని జేబులో వేసుకుని చక్కా పోయి 0.05 మీదా, 50 మీదా ప్రయోగించండి. ఇరవయ్యో వంతు సగం అయిపోతుంది, యాభై ఐదైపోతుంది.

నగల కొట్టులో కాటా మీద 8.120 అని పడితే, ఆఖరి సున్నాకు డబ్బులు కట్టనని పేచీ పెట్టండి. ఆ సున్నా బరువును పెంచడానికి రాలేదనీ, మిల్లీగ్రాము గడి దాకా తూచాం, అక్కడ ఏమీ లేదు అని చెప్పడానికే వచ్చిందనీ కొట్టతను ఓపిగ్గా వివరిస్తాడు. వట్టి 8.12 అని రాస్తే ఆ గడిని చూశారో లేదో మనకు తెలియదట. చూసిన సంగతి చెప్పుకోవడానికి ఒక అంకె ఖర్చుపెట్టే మనిషితో ఏం వాదిస్తాం!

ఒక్క చోట మాత్రం ఈ చిట్కాల పుస్తకం మూసేయండి. మందుల చీటీ. అక్కడ హాస్యం పనికిరాదు. సగం మిల్లీగ్రామును చుక్కతో మొదలుపెట్టి .5 అని రాస్తే, చుక్క సరిగా పడకపోతే అది 5. ఒక మిల్లీగ్రామును 1.0 అని రాస్తే, చుక్క కనపడకపోతే అది 10. అందుకే చుక్కకు ముందు సున్నా తప్పకుండా ఉండాలి, పూర్ణ సంఖ్య తర్వాత చుక్కా సున్నా అసలు ఉండకూడదు అనే నియమం పెట్టుకున్నారు. థైరాయిడ్ మాత్రల మీద 0.025 మిల్లీగ్రాములు అని కాకుండా 25 మైక్రోగ్రాములు అని ఉండేది కూడా చుక్కతో పని లేకుండా చేయడానికి పనికొచ్చే పద్ధతే. చీటీలో చుక్క ఉందో లేదో అనుమానం వస్తే ఊహించకుండా డాక్టరునే అడగాలి. సరే, పుస్తకం మళ్ళీ తెరవండి.

చిట్కా 0.9: పొడుగు చూసి పెద్దరికం ఇవ్వండి

రోమన్లకు ఈ సౌఖ్యం లేదు. వాళ్ళ రాతలో ఎనిమిదికి నాలుగు గుర్తులు కావాలి, పదికి ఒకటి చాలు, వందకూ ఒకటే. పొడుగు చూసి ఏమీ చెప్పలేం. మన పూర్ణ సంఖ్యల్లో అయితే నాలుగంకెలది మూడంకెలదాని కంటే ఎప్పుడూ పెద్దదే. అంకెలేమిటో చదవనక్కర్లేదు, లెక్కపెడితే చాలు. స్థాన విలువ మనకిచ్చిన వరాల్లో ఇదొకటి.

ఈ వరాన్ని చుక్క దాటించండి. 0.125లో చుక్క తర్వాత మూడంకెలు, 0.5లో ఒక్కటే. నూట ఇరవై ఐదు ఎక్కడ, ఐదు ఎక్కడ! మొదటిది ఎనిమిదో వంతేననీ, రెండోది సగమనీ ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. చదవడంలోనే జాగ్రత్త పడితే అసలు గొడవే రాదు. 3.14ను మూడు పాయింట్ ఒకటి నాలుగు అని విడివిడిగా చదవమంటారు. మీరు మూడు పాయింట్ పద్నాలుగు అనండి. అలా అన్నాక అది 3.9 కంటే పెద్దదని చెవులే ఒప్పుకుంటాయి.

ఇందులో ఎదురు మతం వాళ్ళు కూడా ఉన్నారు. చుక్క తర్వాత ఎంత పొడుగైతే సంఖ్య అంత చిన్నదని వాళ్ళ నమ్మకం. వేయో వంతు పదో వంతు కంటే చిన్నది కాబట్టి, వేయో వంతుల దాకా వెళ్ళిన 0.875 వాళ్ళ లెక్కలో 0.3 కంటే చిన్నది. వేయో వంతు చిన్నదే, కాదనం. అలాంటివి 875 ఉన్నాయని మాత్రం చూడరు. విశేషమేమిటంటే, ఈ రెండు మతాల వాళ్ళూ పరీక్షలో కొన్ని ప్రశ్నలకు సరైన జవాబే రాస్తారు. 0.4, 0.52లో ఏది పెద్దదంటే పొడుగు మతం వాళ్ళు 0.52 అంటారు, మార్కు పడుతుంది. 0.6, 0.45లో ఏది పెద్దదంటే పొట్టి మతం వాళ్ళు 0.6 అంటారు, వాళ్ళకూ పడుతుంది. మార్కులు పడుతున్నంత కాలం రోగం బయటపడదు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళు ఎప్పుడూ చుక్క తర్వాత ఒకే పొడుగున్న సంఖ్యలు ఇచ్చేలా చూసుకోగలిగితే ఇక శాశ్వతంగా బయటపడదు.

బంగారం దగ్గర ఈ చిట్కా కొత్త రుచి చూపిస్తుంది. హాల్‌మార్కులో 916 అంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం. అంటే 22 కారట్లు. చుక్కను మింగేసిన దశాంశం అది, 0.916. అలాగే 18 కారట్లదానికి 750. మీరు మాత్రం 22 కారట్ల గాజులు చూపిస్తున్నప్పుడు, మాకు 750 కావాలి, ఇరవై రెండుతో సరిపెడతావేమిటని గద్దించండి.

జేఈఈ ఫలితాల రోజున కూడా పనికొస్తుంది. పర్సెంటైల్‌ను చుక్క తర్వాత ఏడు స్థానాల దాకా ఇస్తారు, ఇద్దరికి ఒకే స్కోరు రావడం తగ్గాలని. మీ అబ్బాయికి 99.09 వచ్చిందనుకోండి. మధ్యలో ఆ సున్నా ఎందుకు, 0.8 చిట్కా ఉండనే ఉంది. తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది అని బంధువులకు ఫోన్లు చేసేయండి. పన్నెండు లక్షల మంది రాశారనుకుంటే 99.9 వచ్చిన పిల్లాడి ముందు సుమారు 1,200 మంది ఉంటారు, 99.09 వచ్చినవాడి ముందు దాదాపు 10,900 మంది. సీటు కేటాయించే కంప్యూటరుకు మీ ఫోన్లు వినపడవు. బంధువులకు వినపడతాయి, అది చాలు.

చిట్కా 0.10: చుక్కలన్నీ ఒక తల్లి బిడ్డలే

0.9 అయ్యాక 0.10 ఏమిటని ఎవరో గొణుగుతున్నారు. తొమ్మిది తర్వాత పదే కదా వచ్చేది? ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి లెక్కల పుస్తకంలో సమాకలనాల అధ్యాయం తెరిచి చూడండి. అభ్యాసం 7.9 తర్వాత 7.10 ఉంటుంది. చిన్న తరగతిలో 7.1, 7.10 ఒకటేనని నేర్పి, పెద్ద తరగతిలో ఆ రెంటినీ వేర్వేరు అభ్యాసాలకు పేర్లుగా పెట్టారు. అక్కడి చుక్క అధ్యాయాన్నీ అభ్యాసాన్నీ విడదీసే గుర్తనీ, దశాంశ బిందువు కాదనీ ఎవరూ ఏ పేజీలోనూ చెప్పరు. మనకు కావాల్సింది సరిగ్గా అదే మౌనం.

చుక్కను చూడగానే పదో వంతులని నమ్మేయండి. తర్వాత పొలం కాగితాలు బయటికి తీయండి.

తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు. ఎటు లెక్కేసినా ఎకరం 4,840 చదరపు గజాలే. అయితే విస్తీర్ణం రాసేటప్పుడు రెండు చోట్లా మధ్యలో అదే చుక్క. 1.20 అంటే తెలంగాణ కాగితంలో ఎకరం 20 గుంటలు, అంటే ఎకరన్నర, 7,260 చదరపు గజాలు. ఆంధ్ర కాగితంలో ఎకరం 20 సెంట్లు, 5,808 చదరపు గజాలు. కోదాడలో బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగేలోపు 1,452 చదరపు గజాలు ఆవిరైపోతాయి. గీత పెట్టి 1-20 అని రాసి పక్కన ఎకరాలు, గుంటలు అని చెప్పేవాళ్ళూ ఉన్నారు. అలాంటి వాళ్ళ దగ్గర పొలం కొనకండి, అనుమానానికి తావే ఉండదు.

పంపకాల రోజున ఈ చిట్కా పండగ చేస్తుంది. నల్గొండ జిల్లాలో ఒక పెద్దాయన ముగ్గురు కొడుకులకు 5.10 వదిలి వెళ్ళాడనుకుందాం. పెద్దకొడుకు ఫోనులో కాలిక్యులేటర్ తీసి మూడుతో భాగిస్తాడు. 1.70 వస్తుంది. తలా ఎకరం డెబ్బై గుంటలు. డెబ్బై గుంటల్లో ఇంకో ఎకరం ఉంది కాబట్టి తలా రెండెకరాల ముప్పై గుంటలు. ముగ్గురివీ కలిపితే ఎనిమిదెకరాల పది గుంటలు. నాన్న వదిలింది అయిదెకరాల పది గుంటలు. కాలిక్యులేటర్ కూర్చున్న చోటే మూడెకరాలు పుట్టించింది! పాతకాలం మనిషైతే అయిదెకరాలను 200 గుంటలు చేసి, పది కలిపి, 210ని మూడుతో భాగించి, తలా 70 గుంటలు, అంటే ఎకరం ముప్పై అని తేల్చేసేవాడు. 1.30. కొత్త భూమి ఒక్క గుంట కూడా పుట్టించలేని లెక్క. అదే 5.10 గుంటూరు జిల్లా కాగితమైతే కాలిక్యులేటర్ చెప్పిన 1.70 నికార్సైన జవాబు, ఎకరం డెబ్బై సెంట్లు. కాబట్టి తప్పు కాలిక్యులేటర్‌ది కాదు. దానికి తెలిసింది పదులే. ఎక్కడ నలభైకి ఒకసారి దొర్లాలో దానికి ఎవరూ చెప్పలేదు.

ఒక ప్రమాదం గురించి హెచ్చరించాలి. గుంటల లెక్కలో చుక్క తర్వాత 39 దాటి రాదు, 2.39కి ఒక గుంట కలిస్తే 3.00. అందుకని కాగితంలో 1.45 లాంటిది కనిపిస్తే అవి గుంటలు కావని తెలివైనవాళ్ళు ఇట్టే పసిగడతారు. అలాంటి వాళ్ళను పంపకాలకు పిలవకండి.

క్రికెట్‌లో ఇదే చుక్క ఆరుకు దొర్లుతుంది. 19.5 ఓవర్ల తర్వాత ఇంకో సరైన బంతి పడితే 20, అంతేగాని 19.6 కాదు. 4.3 ఓవర్లలో 45 పరుగులు చేశారంటే 27 బంతులు, నాలుగున్నర ఓవర్లు, ఓవరుకు సరిగ్గా పది. మీరు 45ను 4.3తో భాగించి దాదాపు పదిన్నర అని ప్రకటించండి. నెట్ రన్ రేట్ మీద వాట్సాప్‌లో రాత్రంతా వాదించుకోవడానికి ఇంతకంటే పెట్టుబడి అక్కర్లేదు. ట్రాక్టరు కిరాయికి అరవైకి దొర్లే చుక్క ఉంది: 2.45 గంటలు దున్నితే, గంటకు వెయ్యి చొప్పున 2,450 చేతిలో పెట్టండి. రెండు ముప్పావు గంటలకు 2,750 రావాలని డ్రైవరు అంటే కాలిక్యులేటర్ చూపించండి. మూడు వందలు మిగులుతాయి, వచ్చే ఏడు ట్రాక్టరు రాదు.

పెళ్ళి సంబంధాల్లో చుక్క పన్నెండుకు దొర్లుతుంది. బయోడేటాలో ఎత్తు 5.10 అంటే అయిదడుగుల పది అంగుళాలు. దశాంశాల నియమం ప్రకారం చివరి సున్నాకు విలువ లేదు గనక 5.1 అని రాసి పంపండి. అబ్బాయి తొమ్మిది అంగుళాలు తగ్గిపోతాడు. లేదూ, 5.9 అమ్మాయికి 5.10 అబ్బాయి పొట్టి అంటారా, 5.11 అయితే ఇంకాస్త నయమంటారా? పెళ్ళిళ్ళ పేరయ్యకు లెక్కలు రావనుకోకండి. అడుగుకు పన్నెండు అంగుళాలని ఆయనకు తెలుసు. అందుకే ఆయనకు ఈ చిట్కాలు అమ్మలేం.

చిట్కా 0.11: పదింతలు కావాలా, సున్నా తగిలించండి

25 పది రెట్లు 250. పక్కన సున్నా పెట్టాం, అయిపోయింది. 0.5కు కూడా పెట్టండి: 0.50. పది రెట్లు పెరిగినా ఉన్నచోటే ఉందంటే అది మీ జీతమై ఉంటుంది. అసలు జరిగేది వేరు. 25లోని రెండు పదుల చోటు నుంచి వందల చోటుకూ, ఐదు ఒకట్ల చోటు నుంచి పదుల చోటుకూ జరుగుతాయి. ఖాళీ అయిన ఒకట్ల చోటులో సున్నా కూర్చుంటుంది. పెంచింది జరగడం, పేరు సున్నాకు వచ్చింది. ఈ సంగతి తెలిసినవాళ్ళు 0.5లోని ఐదును ఒకట్ల చోటుకు జరిపి 5 అనేస్తారు.

కూడికల్లో కుడి అంచులు సమానంగా పెట్టి కలపండి. పూర్ణ సంఖ్యలకు అలాగే నేర్పారు కదా. 12.5 కింద 3.25ను కుడివైపు సర్ది పెడితే 4.50 వస్తుంది. పన్నెండున్నరకు మూడుంబావు కలిపితే నాలుగున్నర. పావు తక్కువ పదహారు రావాలని కూరగాయలమ్మ నోటి లెక్కతో చెబుతుంది. ఆవిడ బడికి వెళ్ళలేదని గుర్తు చేయండి.

చిట్కా 0.12: మెట్టు మెట్టుకూ సవరించండి

2.446 ఉంది. దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరించాలి. చాదస్తులు పదో వంతుల గడిలో నాలుగును చూసి 2 అనేస్తారు. మీరు తొందరపడకండి. ముందు 2.45 చేయండి. తర్వాత 2.5. తర్వాత 3. ప్రతి మెట్టూ నియమం ప్రకారమే దిగారు, ఏ ఒక్కదాన్నీ ఎవరూ తప్పు పట్టలేరు, కానీ చేరింది వేరే ఊరికి.

దీంట్లో ప్రభుత్వానికి పూర్వానుభవం కూడా ఉంది. 1957 ఏప్రిల్ 1న, అవును ఏప్రిల్ ఒకటినే, రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు అన్న లెక్క పోయి, రూపాయికి 100 నయా పైసలు వచ్చాయి. నాలుగు అణాలు సరిగ్గా 25 నయా పైసలు. కానీ ఒక్క అణా 6.25. పావు పైసా ఎక్కడా దొరకదు కాబట్టి అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19 అని పట్టిక వేశారు. పావలా సరుకు ఒకేసారి కొంటే 25, అణా అణా చొప్పున నాలుగుసార్లు కొంటే 24. నాలుగుసార్లు కొట్టుకు నడిచే ఓపిక ఉన్నవాడికి ఒక నయా పైసా లాభం.

పాత లెక్కలను కొత్త పద్ధతి సుఖంగా మింగిందనుకోకండి. అంతకు ముందు తెలుగు భిన్నాల లెక్కలు నాలుగు భాగాల మీద నడిచేవి. పావు, పావులో పావైన వీసం, అలా నాలుగేసి వంతులుగా దిగుతూ పోయేవి. వాటికి ప్రత్యేకమైన తెలుగు గుర్తులు కూడా ఉండేవి. ఇప్పుడు యూనికోడ్‌లో వాటికి చోటిచ్చారు. అంటే స్థానాలు ఉన్నాయి, స్థాన విలువలూ ఉన్నాయి, మెట్టు మాత్రం పది కాదు, నాలుగు. నూరులో చక్కగా ఇమిడిన పావలా, అర్ధ రూపాయి, ముప్పావలా మాటలు బతికిపోయాయి. పన్నెండున్నర పైసలయ్యే బేడ బతకలేదు. ఈ చరిత్ర ఎవరికైనా చెబితే, మెట్టు ఎంతో తెలియకుండా చోటు విలువ చెప్పలేమన్న అనుమానం పుట్టే ప్రమాదముంది. చెప్పకుండా ముందుకు సాగుదాం.

చిట్కా 0.13: కామాలు అలంకారానికే

12,34,567 అని మనం, 1,234,567 అని అమెరికాలో ఉన్న అన్నయ్య. సంఖ్య ఒకటే, మనం లక్షల దగ్గర ఆగుతాం, ఆయన మిలియన్ దగ్గర ఆగుతాడు. పది లక్షలు ఒక మిలియన్, కోటి అంటే పది మిలియన్లు. అన్నయ్య ఇంటి ధర మిలియన్ డాలర్లన్నప్పుడు లక్ష అనుకుంటే ఈర్ష్య పదింతలు తగ్గుతుంది, ఆరోగ్యానికి మంచిది.

జర్మనీలో ఉద్యోగానికి వెళ్ళిన మేనల్లుడి సంగతి వేరు. అక్కడ వేలను చుక్కతో విడదీస్తారు, దశాంశాలకు కామా పెడతారు. 1.250,50 అంటే పన్నెండు వందల యాభై యూరోల యాభై సెంట్లు. అద్దె 1.250 అని చూసి, ఒకటింబావు యూరోకు ఇల్లు దొరికిందని ఇంటికి ఫోను చేయమనండి.

చిట్కా 0.14: పిల్లలకు నేర్పేటప్పుడు

పుల్లలు పదేసి కట్టలు కట్టించకండి. కట్ట విప్పితే పది, కడితే ఒకటి అని వేళ్ళకు తెలిసిపోతే తర్వాత ఎంత చెప్పినా మరిచిపోరు. వంద గళ్ళ చదరంలో ఒక నిలువు వరస రంగు వేసి ఇది 0.1, ఒక్క గడి రంగు వేసి ఇది 0.01 అని చూపించే పని కూడా వద్దు, 0.1 పక్కన 0.09 ఎంత ఉంటుందో కళ్ళకు కనిపించేస్తుంది. ఒకట్లు పదులు వందలు అని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వల్లె వేయించండి. పదులు ఎందుకు పదులయ్యాయని అడిగే తీరిక పిల్లలకు ఇవ్వకండి.

ఎంత జాగ్రత్త పడినా క్లాసులో ఎవరో ఒక పిల్ల చేయెత్తుతుంది. "సార్, ఎడమవైపు ఒకట్లు, పదులు, వందలు ఉన్నాయి కదా. కుడివైపు పదో వంతులు, వందో వంతులు ఉన్నాయి. ఒకటో వంతులు ఎందుకు లేవు సార్?"

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన ప్రశ్న. జవాబు చెప్పారా, మనం కట్టిందంతా కూలుతుంది. మధ్యలో ఉన్నది చుక్క కాదనీ, ఒకట్ల చోటనీ చెప్పాల్సి వస్తుంది. ఒకట్లకు అటు పదులు, ఇటు పదో వంతులు. ఆపైన అటు వందలు, ఇటు వందో వంతులు. జోడీలన్నీ ఒకట్లకు ఇరువైపులా కుదిరాయి, ఒకట్లకు జోడీ ఒకట్లే. చుక్క ఆ ఒకట్లు ఎక్కడున్నాయో చూపించడానికి పక్కన పెట్టిన గుర్తు, దానికంటూ ఒక చోటు కూడా లేదు. ఇంత చెప్పాక ఆ పిల్ల ఊరుకుంటుందా? పొలంలో చుక్క దేన్ని చూపిస్తుంది, ఓవర్లలో దేన్ని చూపిస్తుంది అని మొదలుపెడుతుంది. కాబట్టి సిలబస్‌లో లేదని చెప్పి కూర్చోబెట్టండి. ఇంకా చేయి దించకపోతే వెనక బెంచీకి పంపండి. అయితే ముందుగా వెళ్ళి, ఆ బెంచీ మీద గళ్ళ కాగితం ఏమైనా ఉంటే తీసేయండి.